కాలువ కట్టేశారు, పని మొదలవలేదు, పిల్లల క్యాంపు గ్రౌండ్‌లో పైపులు పోశారు... ఎవరిని అడగాలి?

కాలవగట్టు_నివాసి

అందరికీ నమస్కారం. మాది పశ్చిమ డెల్టాలో ఒక మున్సిపాలిటీ. ఊరి పేరు రాయను, రాస్తే ఇక్కడ సగం మంది పార్టీల గొడవ మొదలుపెడతారు, అసలు విషయం పక్కకి పోతుంది.

సంగతేంటంటే ఏప్రిల్ మధ్యలో కాలువలకి నీళ్ళు కట్టేశారు. జిల్లా పేజీలో పెద్దగా వచ్చింది, క్లోజర్ (నీళ్ళు ఆపిన రోజుల్లో చేసే) పనులకి నిధులు మంజూరు, పూడికతీత, గుర్రపుడెక్క తొలగింపు, తూములకి మరమ్మతులు, అన్నీ జూన్ ఒకటిలోపే పూర్తి అని. ఇప్పుడు మే సగానికి వస్తోంది. మా వీధి చివర కాలువలో నీళ్ళు పోయి, బురద ఆరి బీటలు తీసింది, పొక్లెయిన్ మాత్రం ఒక్కటీ రాలేదు. పొద్దునపూట పిల్లలు అందులోనే వికెట్లు పాతి క్రికెట్ ఆడుతున్నారు. వంతెన కింద మిగిలిన మడుగులో నలుగురు లుంగీలు ఎగ్గట్టి మట్టగిడసలు పడుతున్నారు. పోయిన వినాయక చవితి విగ్రహాల కర్ర చట్రాలు, చెప్పులు, బిర్యానీ డబ్బాలు అన్నీ బయటపడ్డాయి.

పిల్లలు కాలువలో ఎందుకు ఆడుతున్నారంటే దానికో కథ ఉంది. మున్సిపల్ హైస్కూలు గ్రౌండ్‌లో వేసవి క్రీడా శిబిరం, వాలీబాల్, ఖోఖో, అథ్లెటిక్స్, ఉచితం అని అదే పేపర్లో ఆ పక్క కాలమ్‌లోనే వచ్చింది. మా వాణ్ణి తీసుకుని వెళ్తే గ్రౌండ్‌లో సగం పైగా డ్రెయిన్ పని తాలూకు సిమెంటు పైపులు, కంకర కుప్పలు, ఇసుక. కోచ్ గారు పాపం మిగిలిన మూలలో తాడు కట్టుకుని ముప్పై మందిని వరసలో నిలబెట్టి ఒక్కొక్కళ్ళ చేత పరుగు పెట్టిస్తున్నారు. మాకు ఎవరూ చెప్పలేదండీ, ఒక రాత్రి లారీలొచ్చి దించేసి పోయాయి అన్నారు.

మున్సిపల్ ఆఫీసులో అడిగితే కాలువ మాది కాదన్నారు. పైపులు మాత్రం మావేనట, వర్షాలొచ్చేలోపు డ్రెయిన్ అవ్వాలి కదా, ఎక్కడ పెట్టమంటారు అని నన్నే ఎదురు అడిగారు. మరి కాలువ ఎవరిది? ఎంత మంజూరైంది, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, కంట్రాక్టరు ఎవరు, ఇవి మామూలు మనిషికి తెలిసే దారి ఉందా? ఇంకో మాట కూడా. జూన్ ఒకటి అని ఎందుకంత పట్టుదల? ఇంకో పదిహేను రోజులు ఆగి, పని సరిగ్గా చేసి వదిలితే ఏం పోతుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉప్మా_పెసరట్టు

కాలువలో క్రికెట్, మడుగులో చేపల వేట... వేసవి శిబిరం దివ్యంగా నడుస్తోంది కదండీ, ఇంకా గ్రౌండ్ ఎందుకు.

మా ఊళ్ళో చలివేంద్రం పెట్టారు. ప్రారంభం రోజు మజ్జిగ, ఫోటోలు. మర్నాటి నుంచి పందిరి ఉంది, కుండ ఉంది, నీళ్ళు లేవు. ఫ్లెక్సీ మాత్రం ఎండకి ఇంకా వెలవలేదు.

పాత_లాకులు

నేను ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యానండీ, పశ్చిమ డెల్టాలోనే. అందుకని రెండు వైపుల మాటా చెప్తాను, ఎవరూ ఏమీ అనుకోకండి.

ముందు ఏ పని ఎవరిదో తెలుసుకోండి, లేకపోతే వేసవంతా ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకి తిరగడమే అవుతుంది. సాగునీటి కాలువ జలవనరుల శాఖది. ఊళ్ళో రోడ్డు పక్కన పారే సైడు డ్రెయిన్లు మున్సిపాలిటీవి. యనమదుర్రు, నక్కల లాంటి పెద్ద మురుగు డ్రెయిన్లు మళ్ళీ జలవనరుల శాఖ కిందకే వస్తాయి గానీ డ్రెయిన్ల డివిజన్ వేరు, కాలువల డివిజన్ వేరు, ఒకరి ఆఫీసులో ఇంకొకరి సంగతి అడిగితే ఎవరికీ తెలియదు. గట్టు మీద రోడ్డు ఉంటే అది ఆర్ అండ్ బీది కావచ్చు, మున్సిపాలిటీది కావచ్చు. పొలాల్లోకి వెళ్ళే పంట బోదెలు ఉపాధి హామీలో తవ్విస్తారు, అందులో మిషన్లు పెట్టకూడదు. మీ కాలువకి మీరు కలవాల్సింది సెక్షన్ ఏఈని, అంటే ఆ ముక్క చూసే అసిస్టెంట్ ఇంజనీరుని. ఆయన ఎక్కడుంటాడో లాకుల దగ్గర, అంటే కాలువ మీద తలుపులుండే చోట, కాపలా ఉండే లస్కరుని అడిగితే చెప్తాడు, ఫోను నంబరు కూడా ఇస్తాడు. ఇంకో దారి నీటి సంఘం. 2024 డిసెంబరులో సంఘాలకి ఎన్నికలు జరిగాయి, మీ కాలువకీ ఒక అధ్యక్షుడు ఉంటాడు. చిన్న పనులు చాలా వరకు సంఘాల ద్వారానే పోతాయి కాబట్టి ఆయనకి తెలియకుండా ఏదీ జరగదు.

ఆలస్యం సంగతి. కాలువ కట్టిన మర్నాడే పొక్లెయిన్ దిగదండీ. మన కాలువ మొదలయ్యే విజ్జేశ్వరం దగ్గర తలుపులు దించినా కింది దాకా నీళ్ళు లాగడానికి రోజులు పడుతుంది. అడుగు ఆరాక ముందు లెవెల్స్ తీయాలి, అంటే అడుగు ఏ మట్టంలో ఉందో కొలవాలి. పని అయ్యాక మళ్ళీ లెవెల్స్ తీయాలి. ఆ రెండింటికీ తేడా ఎంతో అంత మట్టి తీసినట్టు, అదే ఎం బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో, ఎక్కుతుంది, బిల్లు దాని మీదే. ఇంతవరకు న్యాయమైన ఆలస్యం. ఆ పైన జరిగేది వేరు. అంచనాలు ఫిబ్రవరిలో పైకి వెళ్ళి, మార్చిలో అనుమతి వచ్చి, కాలువ కట్టేనాటికి టెండరు తేలిపోవాలి. నా సర్వీసులో అలా జరిగిన ఏళ్ళు తక్కువ. అనుమతి ఏప్రిల్ ఆఖరుకి వస్తుంది, పాత బిల్లులే రాలేదని కంట్రాక్టర్లు ముందుకు రారు, వచ్చినవాడు మే మూడో వారంలో దిగుతాడు, నీళ్ళు వదిలే ముందు రాత్రి దాకా లైట్లు పెట్టి హడావిడి. ఒకసారి నీళ్ళొచ్చాక అడుగున ఏముందో కొలిచే మొనగాడు లేడు. ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

గుర్రపుడెక్క, తూటికాడ తీస్తే కంటికి కనపడుతుంది, అందుకే అది ముందు చేస్తారు, ఫోటో కూడా బాగా వస్తుంది. పూడిక అలా కాదు. మీరు చూడాల్సింది తీసిన మట్టి ఎక్కడ పోస్తున్నారన్నది. ఎస్టిమేటులో లీడు అని ఒక లెక్క ఉంటుంది, మట్టి ఎంత దూరం తోలాలి అని. లీడు లేకుండా అంచనా వేస్తే మట్టిని గట్టు మీదే పోస్తారు, జూన్‌లో రెండు వానలు పడగానే అది మళ్ళీ కాలువలోకే జారుతుంది, వచ్చే ఏడాది దానికే మళ్ళీ ఎస్టిమేటు. ఒకే మట్టికి ఎన్నిసార్లు డబ్బు కట్టామో ఆ కాలువకే తెలియాలి.

ఇంకోటి, ఇది మీరు రేపే చెయ్యొచ్చు. నీళ్ళున్నప్పుడు కనపడని పైపులు ఇప్పుడు గట్టుకి రెండు వైపులా బయటపడతాయి, ఇళ్ళవి, హోటళ్ళవి, కల్యాణ మండపాలవి. ఊరంతా ఎండిన కాలువలో ఏ పైపు కింద మాత్రం తడిగా, నల్లగా ఉందో చూడండి. ఆ పైపులోంచి రోజూ మురుగు దిగుతున్నట్టే. ఫోటో తీసి పెట్టుకోండి, వెనక ఉన్న భవనం కూడా పడేలా. జూన్ దాటితే ఆ సాక్ష్యం నీళ్ళ కింద ఉంటుంది.

ఒక ముసలాడి మాట కూడా వినండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, ఆ తర్వాత చాలా కాలం ఈ కాలువల్లో పడవలు తిరిగాయి. లాకులు కట్టింది అందుకే. అప్పట్లో అడుగు పూడితే పడవ మేటలో దిగబడేది, సరుకు ఆగేది, షావుకారు మర్నాడే ఇంజనీరు ఇంటి ముందు ఉండేవాడు. ఇప్పుడు అడుగు పూడితే తెలిసేది కాలువ చివర్లో ఉండే శివారు రైతుకి ఒక్కడికే, ఆయన గోల పట్నం దాకా వినపడదు.

శివారు_రైతు

వినపడేలా చెప్తానండీ, నేను అదే శివారు.

కాలవగట్టు గారూ, పదిహేను రోజులు ఆగితే ఏం పోతుంది అన్నారు. జూన్ 1న పైన వదిలితే మా బోదెలోకి తడి తగిలేసరికి ఒక్కోసారి ఆ నెల మూడో వారం. అప్పుడు నారు పోస్తాం, జులైలో ఊడుపు. మేం వేసేది ఎక్కువగా స్వర్ణ, మా మార్టేరు స్టేషన్‌లో పుట్టిన వంగడమే, ఎంటీయూ 7029 అంటారే అది. దాదాపు ఐదు నెలల పంట. లెక్క కట్టుకోండి, కోత నవంబరు రెండో సగానికి వెళ్ళిపోతుంది. నవంబరు అంటే ఏంటో గోదావరి జిల్లాల్లో ఎవరినడిగినా చెప్తారు. 1996 నవంబరు తుపాను సంగతి మా నాన్నగారు ఇప్పటికీ చెప్తుంటారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడు కోసిన పనలు నీళ్ళలో తేలడం నేనే చూశాను. మీరు ఇంకో పదిహేను రోజులు ఆపితే మా కోత తిన్నగా తుపాను నోట్లోకి పోతుంది. ఈ మొదటి పంట సార్వా ఆలస్యమైతే రెండో పంట దాళ్వా ఆలస్యం, దాళ్వా ఆలస్యమైతే మార్చి దాటాక గోదావరిలో నీళ్ళుండవు, పైన సీలేరు జలాశయాల నుంచి వదలండి మహాప్రభో అని వంతులవారీ నీళ్ళకి కాపలా కాయాలి, మళ్ళీ కాలువ కట్టడం ఆలస్యం. ఒకచోట లాగితే ఏడాదంతా జరుగుతుంది.

అందుకని మీరు అడగాల్సింది నీళ్ళు ఆలస్యంగా వదలమని కాదు, టెండరు ముందుగా పిలవమని. డెల్టా ఆధునికీకరణ అని పదిహేను, ఇరవై ఏళ్ళ కిందట పెద్ద ఎత్తున మొదలుపెట్టారు. నత్తనడక నడవడానికి ఒక కారణం ఇదే, పని చేసుకునేది ఆరు వారాలు, అందులో సగం ఫైళ్ళకే పోతుంది. 2011లో కోనసీమ రైతులు సార్వాకి పంట విరామం ప్రకటించారు గుర్తుందా. గిట్టుబాటు ధర ఒక్కటే కాదు అప్పుడు వాళ్ళ బాధ, డ్రెయిన్లు పూడిపోయి చేను ములుగుతోందన్నది కూడా.

ఇంకో మాట అంటే పట్నం వాళ్ళకి కోపం వస్తుంది. మీ ఊరు దాటాకే కదండీ కాలువ మా ఊరొచ్చేది. నీళ్ళు వదిలిన మొదటి రోజు మీ వంతెన కింద ఉన్న సరుకంతా కొట్టుకొచ్చి మా తూము దగ్గర ఆగుతుంది. డైపర్లు, థర్మాకోల్ పళ్ళేలు, ఒక ఏడు పరుపు కూడా వచ్చింది. తీసేది మేమే. ఆ కాలువలోంచే కొన్ని ఊళ్ళ మంచినీళ్ళ చెరువులు నింపుతారు.

కాలవగట్టు_నివాసి

రైతు గారూ, నవంబరు లెక్క నాకు తట్టలేదు, మీరు చెప్పాక అర్థమైంది. పదిహేను రోజుల మాట వదిలేస్తున్నా. పైపుల ఫోటోలు సాయంత్రం తీస్తాను. మా వీధిలోవే నాలుగు ఉండేలా ఉన్నాయి, రేపటి నుంచి ఎవరు పలకరిస్తారో చూడాలి.

గ్రౌండ్ సంగతి ఎవరైనా చెప్పండి.

వేసవి_టీచర్

ముందు ఒక్క విషయం అండీ. దయచేసి పిల్లల్ని కాలువలో ఆడనివ్వకండి, ముఖ్యంగా పొక్లెయిన్ దిగాక. అది తవ్విన చోట గొయ్యి ఎంత లోతుందో పైకి తెలియదు, ఒక్క గాలివాన వస్తే నిండుతుంది, చుట్టూ జారుడు బురద. నీళ్ళు వదిలే రోజు కూడా చాటింపు వేస్తారని నమ్మకం లేదు. ఈత వచ్చిన పిల్లలైనా బురదలో కాలు కూరుకుంటే లేవలేరు.

గ్రౌండ్ గురించి. వేసవి క్రీడా శిబిరాలు శాప్ (రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ) తరఫున జిల్లా క్రీడాభివృద్ధి అధికారి ఆఫీసు నుంచి మంజూరవుతాయి, ఏ ఊళ్ళో ఏ ఆట, కోచ్ ఎవరు అని జాబితా వాళ్ళ దగ్గర ఉంటుంది. స్థలం మాత్రం మున్సిపాలిటీది. ఈ రెండు ఆఫీసులకీ మధ్య మాటలుండవు, అందుకే మీకు ఇలా జరిగింది. కోచ్ మీద పెట్టకండి భారం, ఆయనకి ఇచ్చే గౌరవ వేతనం చాలా తక్కువ, ఎదురు మాట్లాడితే వచ్చే ఏడాది పేరుండదని భయం. తల్లిదండ్రులే పదిమంది కలిసి కమిషనర్ గారికి కాగితం ఇవ్వండి. "పైపులు తీసెయ్యండి" అని రాస్తే పని ఆగుతుందంటారు. "ఒక వారగా పేర్పించి, పిల్లల వైపు అడ్డు కట్టించి, లారీలు శిబిరం వేళల్లో రాకుండా చూడండి" అని రాయండి. అది కాదనడానికి ఎవరికీ కారణం దొరకదు. పైపుల లోపల పిల్లలు దూరి ఆడతారు, అవి దొర్లితే ప్రాణం మీదకి వస్తుంది అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. ఆ ఒక్క వాక్యానికే ఫైలు కదులుతుంది, నేను చూశాను.

ఎండెక్కాక ఏం చెయ్యాలి అంటే శాఖా గ్రంథాలయానికి పంపండి. ఏప్రిల్ ఆఖరు నుంచి జూన్ రెండో వారం దాకా బడులకి సెలవులు కదా, ఆ రోజుల్లో గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు పెడతారు, పొద్దుటి పూట. కథలు చదివించడం, చెప్పించడం, బొమ్మలు, చదరంగం, కాస్త ఇంగ్లీషు. నేను మా ఊళ్ళో ఏటా వెళ్ళి కథలు చెప్తాను. మొన్న ఒక మూడో తరగతి పిల్ల తెనాలి రామలింగడి కథ చదువుతూ మధ్యలో ఆపి, టీచర్ ఆ దొంగలు బావిలోంచి తోడిన నీళ్ళకి కూలి ఇచ్చారా అని అడిగింది. గది మొత్తం నవ్వారు గానీ నాకు జవాబు దొరకలేదు.

కడుపు మండే విషయం ఒకటి. మీ ఇంటి పన్ను రశీదు తీసి చూడండి, అందులో లైబ్రరీ సెస్ అని ఒక పద్దు ఉంటుంది. రూపాయి పన్నుకి 8 పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మున్సిపాలిటీలు, పంచాయతీలు మన దగ్గర వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. వసూలు ఠంచనుగా అవుతుంది, జమ మాత్రం ఏళ్ళ తరబడి బకాయి పడుతుంది, మిగతా ఖర్చుల్లో కలిసిపోతుంది. అందుకే శిబిరంలో పిల్లలకి రంగు పెన్సిళ్ళు కావాలన్నా, మజ్జిగ ఇవ్వాలన్నా లైబ్రేరియన్ గారు దాతల కోసం బజారులో తిరగాలి. ఆవిడకేమో రెండు శాఖల ఇన్‌ఛార్జి. డ్రెయిన్ గురించి అడగడానికి వెళ్ళినప్పుడు ఈ బకాయి ఎంతో కూడా అడగండి, అది మీరు ఇదివరకే కట్టేసిన డబ్బు.

పది_రూపాయల_స్టాంపు

సమాచార హక్కు గురించి ఇంకా ఎవరూ ఎత్తలేదే అని చూస్తున్నా.

2005 చట్టం ప్రకారం జవాబుకి 30 రోజులు గడువు. క్లోజర్ ఆరు వారాలు. మే మధ్యలో మీరు మామూలుగా దరఖాస్తు పెడితే జవాబు వచ్చేసరికి కాలువ నిండుగా పారుతుంటుంది. జవాబులో అన్నీ చక్కగా ఉంటాయి, మీరు చెయ్యగలిగింది ఏమీ ఉండదు. అందుకని కాగితాలు ఒక్కటే అడగొద్దు. సెక్షన్ 2(జె) చదవండి, సమాచార హక్కు అంటే కాగితాల నకళ్ళు ఒక్కటే కాదు, పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, రికార్డులు చూసి నోట్సు రాసుకునే హక్కు, వాడిన సామాను నమూనాలు ధ్రువీకరించి తీసుకునే హక్కు కూడా. "ఫలానా కాలువ, ఫలానా వంతెన నుంచి ఫలానా లాకు దాకా జరుగుతున్న పూడికతీత పనిని, ముందు లెవెల్స్ నమోదు చేసిన పుస్తకాన్ని, పని నడుస్తుండగానే తనిఖీ చేయగోరుతున్నాను, తేదీ తెలపగలరు" అని రాయండి. పని నడుస్తుండగానే అన్న ముక్క కింద గీత గీయండి. మన రాష్ట్రంలో ఫీజు గ్రామ స్థాయి ఆఫీసుకైతే లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పై ఆఫీసులకి 10. ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఆఫీసులో ఇస్తే 10 పెట్టండి, రశీదు తీసుకోండి.

టెండరు పెద్దదైతే రాష్ట్ర ఈ ప్రొక్యూర్‌మెంట్ సైట్‌లో అంచనా విలువ, గడువు ఉంటాయి. నీటి సంఘానికి ఇచ్చిన చిన్న పనులైతే అక్కడ కనపడవు, సంఘం దగ్గరే అడగాలి. వీటన్నిటికన్నా ముందు సోమవారం కలెక్టరేటులో ప్రజల ఫిర్యాదులు తీసుకునే పీజీఆర్‌ఎస్‌లో ఒక అర్జీ పడెయ్యండి. నంబరు వస్తుంది, నంబరు ఉన్న కాగితానికి ఎవరో ఒకరు జవాబు రాయక తప్పదు.

ఉప్మా_పెసరట్టు

48 గంటల్లో ఇవ్వాలి అని కూడా ఒకటి ఉంది కదా మాస్టారూ? అది పెట్టొచ్చుగా, 30 రోజులెందుకు.

పది_రూపాయల_స్టాంపు

అది ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సమాచారానికి. పూడిక ఎంత తీశారన్నదానికి వర్తించదు, పెడితే కొట్టేస్తారు, మీ రోజులు పోతాయి. గోతుల దగ్గర హెచ్చరిక బోర్డులు, అడ్డు తాళ్ళు అన్నది వేరే అర్జీ, దానికి ఆర్‌టీఐ అక్కర్లేదు, ఏఈకి ఫోను చాలు.

బందరు_కాలవ

మేం కృష్ణా వాళ్ళం, మీ గొడవ చూస్తే కాస్త ఈర్ష్యగా ఉంది. మీకు జూన్ ఒకటి అని ఒక తేదీ అన్నా ఉంది. 2022లో మీకు జూన్ 1, మాకు జూన్ 10 అని ప్రకటిస్తేనే ఊరంతా సంబరపడ్డాం. మాకు కృష్ణ నీళ్ళు పైనుంచి రావాలి, రాకపోతే పట్టిసీమ ఎత్తిపోతల నుంచి మీ గోదావరి నీళ్ళే రావాలి. కాబట్టి క్లోజర్ చాలినంత ఉంటుంది మాకు, అయినా పని మే ఆఖరుకే మొదలవుతుంది. టైము లేకపోవడం ఒక్కటే కారణం కాదని చెప్పడానికే ఇది రాశాను.

విజయవాడలో మూడు కాలువలు ఊరి మధ్యలోంచే పోతాయి, ఎండాకాలం ఒకసారి వంతెన మీద నిలబడి కిందకి చూడండి, లాకులు గారు చెప్పిన పైపులు లెక్కపెట్టలేరు.

కాలవగట్టు_నివాసి

అప్‌డేట్. సెక్షన్ ఆఫీసుకి వెళ్ళాను, నీటి సంఘం ప్రెసిడెంటు గారు కూడా వచ్చారు. ఏఈ కుర్రాడే, మర్యాదగానే మాట్లాడాడు, ఎస్టిమేటు తీసి చూపించాడు. తీరా చూస్తే ఈ ఏడాది మంజూరైంది లాకు నుంచి రెండో వంతెన దాకానే. మా వీధి దానికి దిగువన. ఆ చైనేజీ, అంటే కాలువలో ఆ దూరం ముక్క, ఈ ఎస్టిమేటులో అసలు లేదు. ఎందుకు లేదండీ అంటే, అక్కడ పోయిన ఏడాదే పూడిక తీశాం కదా, వెంటనే మళ్ళీ పెట్టరు అన్నాడు.

పోయిన ఏడాది గుర్రపుడెక్క తీయడం మా వీధంతా చూశాం. పూడిక తీయడం ఎవరూ చూసినట్టు లేదు. ఆయన ఈ ఏడాదే బదిలీ మీద వచ్చాడట, నాకు రికార్డులో ఉన్నదే తెలుసు అన్నాడు. రికార్డులో పని పూర్తయినట్టు, బిల్లు వెళ్ళినట్టు ఉంది. ఇప్పుడు ఏం చెయ్యమంటారు?

గ్రౌండ్ కాగితం పదిహేడు సంతకాలతో ఇచ్చాం, టీచర్ గారు చెప్పిన వాక్యంతో సహా. పైపులు గోడ వారగా జరిపించారు, కంకర ఇంకా అలాగే ఉంది. వాలీబాల్ నెట్ కట్టడానికి చోటు వచ్చింది. లైబ్రరీలో మా వాడు రెండు రోజులు గునిసి ఇప్పుడు చదరంగం కోసం తనే ముందు లేస్తున్నాడు. సెస్ బకాయి అడిగితే అకౌంట్స్ సెక్షన్‌లో నన్ను కూర్చోమని కూడా అనలేదు.

వేసవి_టీచర్

అడిగారు కదా, అది చాలు ఈ ఏటికి. లిఖితంగా కూడా ఒకటి ఇచ్చి రశీదు తీసుకోండి, మా ఊరి నుంచి కూడా ఇస్తాం. రెండు మూడు ఊళ్ళ నుంచి ఒకే ప్రశ్న వెళ్తే జిల్లా గ్రంథాలయ సంస్థ వాళ్ళకి కూడా మాట్లాడే ధైర్యం వస్తుంది.

పాత_లాకులు

ఇది నేను అనుకున్నదే.

కాలవగట్టు గారూ, ఏఈతో గొడవ పెట్టుకోకండి, ఆ అబ్బాయి వల్లే మీ పని అవుతుంది. పోయిన ఏడాది పని తర్వాత తీసిన లెవెల్స్ రికార్డులో ఉండాలి, మీ వంతెన దగ్గర అడుగు మట్టం ఎంత అని. ఆ ఒక్క పేజీ చూపించమని అడగండి, ఆర్‌టీఐలో కూడా ఆ పేజీయే అడగండి. దాంతో పాటు ఇప్పుడు ఉన్న మట్టం మీరు కొలవాలి. పెద్ద విద్యేం కాదు. వంతెన పిట్టగోడ మీద ఒక గుర్తు పెట్టి, టేపుకి బరువు కట్టి కిందకి వదలండి, ఎడమ గట్టు వైపు, మధ్యలో, కుడి గట్టు వైపు మూడు చోట్ల. రాసుకుని, టేపు కనపడేలా ఫోటో తీసి, నలుగురి చేత సంతకం పెట్టించండి. వంతెన పిట్టగోడ మట్టం డ్రాయింగులో ఉంటుంది, అక్కడి నుంచి లెక్క ఏఈ చెప్పగలడు. ఒక ఏడాదికి కొంత ఒండ్రు సహజంగానే వస్తుంది, అది తీసేసి చూడాలి, చేతికందిన తేడా అంతా దొంగతనం అనుకోకూడదు. కానీ రెండు మూడు అడుగుల తేడా ఒక్క ఏడులో రాదు.

ఇదంతా నీళ్ళు రాకముందే జరగాలి. ఉన్నది రెండు వారాలు.

శివారు_రైతు

మా తూము దగ్గర కూడా అలాగే కొలవాలండీ, మాదీ పోయిన ఏటి బిల్లులోనే ఉందని సంఘంలో అంటున్నారు. లాకులు గారు వస్తానంటే ఆదివారం పొద్దున ఆరింటికి బండి వేసుకుని వస్తాను. ఎండెక్కేలోపు రెండు చోట్లా అయిపోతుంది.

పాత_లాకులు

వస్తానండీ. యాభై మీటర్ల స్టీలు టేపు నా దగ్గర ఉంది, గుడ్డ టేపు వద్దు, సాగుతుంది. ఏఈకి కూడా ముందు రోజు ఫోను చేసి రమ్మనండి, ఆయన ఎదురుగా కొలిస్తేనే ఆ కాగితానికి విలువ. ఉప్మా గారు ఫ్లాస్కు నిండా టీ తెస్తే రానివ్వొచ్చు.